బోర్డు చివర ‘ఆయ్’

నడక డాక్టరు రాసిన మందు. రోజూ పొద్దున్నే నలభై నిమిషాలు. మొదటి వారం బుద్ధిగానే మింగాను. రెండో వారంలో ఒకరోజు మా ఆవిడ తోడు వచ్చింది. గడియార స్తంభం సెంటరు దాటాక నేను ఒక మందుల షాపు ముందు ఆగాను. పది అడుగులు వేసి సైకిలు షాపు ముందు ఆగాను. మూసి ఉన్న టైలరు కొట్టు తలుపుల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేసరికి ఆవిడకి ఓపిక అయిపోయింది.

“నడవడానికి వచ్చేరా, ప్రూఫులు దిద్దడానికి వచ్చేరా?” అంది.

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. రాజమండ్రిలో ఒక దినపత్రిక డెస్కులో కూర్చుని ముప్పై ఏళ్ళ పైచిలుకు ఇతరుల రాతలు దిద్దాను. రిటైరై అమలాపురం తిరిగొచ్చినా కళ్ళు మాత్రం రిటైరవలేదు. వీధిలో అక్షరం కనబడితే చాలు, దాని కన్నా ముందు దానిలో తప్పు కనబడేది. ఒత్తు లేనిచోట ఒత్తు, ఉండాల్సిన చోట సున్నా మాయం. కొన్నాళ్ళు అవే ఏరుకుంటూ తిరిగాను. నెల తిరిగేసరికి విసుగొచ్చింది. తప్పులు ఏ ఊళ్ళోనైనా ఒకేలా ఉంటాయి. విసుగొచ్చాకే, వాటి చుట్టూ ఉన్నవి కనబడటం మొదలైంది.

ఎర్రవంతెన వైపు వెళ్ళే సందులో అన్నదమ్ములు పంచుకున్న పాత మేడ ఒకటుంది. పిట్టగోడ మధ్యలో సిమెంటుతో పోసిన పెద్ద తామరపువ్వు. పంపకాల గీత సరిగ్గా పువ్వు నడుం మీంచి పోయింది. అన్నగారి వైపు రేకులకి గులాబీ రంగు, తమ్ముడి వైపు రేకులకి నీలం. ఇద్దరికీ మాటలున్నాయో లేవో నాకు తెలియదు గానీ, పువ్వుని మాత్రం ఇద్దరూ వాడిపోనివ్వలేదు. రెండు రంగులూ నిన్న వేసినంత కొత్తగా ఉన్నాయి.

ఇంకో వీధిలో ఒక ఇంటి గుమ్మం మీద, వెలుతురు కోసం వదిలిన అర్ధచంద్రాకారపు కన్నంలో, ఉదయిస్తున్న సూర్యుణ్ణి చెక్కేడు ఎవరో తాపీమేస్త్రి. ఎడమ పక్క ఏడు కిరణాలు, కుడి పక్క ఎనిమిది. మధ్యలో భోజనానికి లేచి వెళ్ళొచ్చాడనుకుంటాను. అది లెక్కపెడుతూ ఉంటే లోపలి నుంచి పెద్దాయన ఒకరు వచ్చేరు.

“ఎవరు కావాలండీ?”

“ఎవరూ వద్దండి. మీ సూర్యుణ్ణి చూస్తున్నాను.”

ఆయన వెనక్కి తిరిగి పైకి చూసేరు. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన మనిషి, సూర్యుణ్ణి అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసి, “ఇల్లు అమ్మడం లేదండి,” అని తలుపేసుకున్నారు.

ఇలా తిరుగుతుండగా దొరికింది నాకు ఆ చిలక ముక్కు.

తలకట్టు అంటే అందరం బళ్ళో నేర్చుకున్నదే. అక్షరం నెత్తి మీద చిన్న టిక్కు. కంప్యూటరు అక్షరాలకి అది ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. చేత్తో రాసే పెయింటరు సామాన్యంగా దాన్ని కుంచె విదిలించినట్టు పైకి లాగి వదిలేస్తాడు. సైకిలు షాపు బోర్డు మీద మాత్రం తలకట్టు పైకి లేచి, చివర్న మెత్తగా కిందికి వంగింది. అచ్చం చిలక ముక్కు. రెండు రోజుల తర్వాత హోమియో డాక్టరు గారి గోడ మీద అదే ముక్కు. ఒక రైసుమిల్లు గేటు మీద, కొబ్బరి వర్తకుల షెడ్డు మీద, వాడకం పోయిన ఒక ఎస్టీడీ బూత్ తలుపు మీద కూడా. రంగులు వెలిసిపోయాయి, కొన్నిచోట్ల పేరే చెరిగిపోయింది, ముక్కులు మిగిలాయి. ఊరి నిండా ఒకే మనిషి పక్షుల్ని వదిలిపెట్టి వెళ్ళిపోయినట్టుంది. ఎక్కడా సంతకం లేదు. నేను పొద్దున్న నడకని వాటిని పట్టుకునే పనిగా మార్చుకున్నాను. “ఇవాళ ఎన్ని చిలకలు?” అని అడిగేది మా ఆవిడ, కాఫీ ఇస్తూ.

పదకొండో చిలక రోడ్డు మీద పడి ఉంది.

కాలవ గట్టు దగ్గర మున్సిపాలిటీ వాళ్ళు డ్రైన్లు వెడల్పు చేస్తూ కొన్ని షాపుల ముందు గోడలు పడగొట్టేరు. ఆ పెళ్ళల్లో ఒక సిమెంటు ముక్క మీద ఎర్ర రంగు ‘ద’, దాని నెత్తిన ముక్కు. నేను వంగి దాన్ని చేతిలోకి తీసి చూస్తుంటే, “అది మాదేనండి బాబాయి గారూ, అక్కడ పెట్టెయ్యండి,” అని వినబడింది. ఎదురుగా చిన్న టిఫిను హోటలు. పెనం దగ్గర నిలబడ్డావిడకి నలభై ఐదేళ్ళుంటాయి. ఆవిడ నెత్తి మీద కొత్త ఫ్లెక్సీ. దాని మీద పొగలు కక్కుతున్న ఇడ్లీలు, చుట్టూ నక్షత్రాలు.

“ఈ బోర్డు రాసిందెవరమ్మా?” అన్నాను, ముక్క చూపించి.

“ఎవరో, ఎక్కడున్నాడో దేవుడికి తెలియాలండి. దొరికితే చెప్పండి, నాకూ కావాలి ఆయన.” అట్టు తిరగేసి, కౌంటరు పక్కన గోడకి ఆనించిన ఇంకో పెళ్ళ చూపించింది. దాని మీద పెద్దక్షరాలు రెండే: ఆయ్.

ఆ పెళ్ళ కథ అట్టు కాలేలోపు చెప్పింది. ఆవిడ మావగారు హోటలు పెట్టిన కొత్తల్లో, కడప వైపు నుంచి వచ్చి మూడు వారాలైనా కాని ఒక పెయింటరుకి గోడ అప్పజెప్పేరు. ‘కాఫీ – ఉపాహారశాల’ అని ఒక వరస. ‘శుచి, రుచి, మర్యాద’ అని ఇంకో వరస. పెయింటరు నిచ్చెన మీద, మావగారు పెనం దగ్గర. మర్యాద అయ్యాక, తర్వాతేం రాయమంటారని పైనుంచి కేకేసేడట. పెనం చప్పుడులో ఈయనకి సగమే వినబడింది. అంతేనా అని అడుగుతున్నాడనుకుని, అవునండీ అనడానికి ఇక్కడ అందరం అనే మాటే, ‘ఆయ్’ అన్నారు. పెయింటరు అది రాసేసేడు.

“మరి చెరిపించలేదా?”

“చెరిపిద్దామనుకునేలోపు పేపర్లో పడిందండి. అంతే, అప్పణ్ణించీ ఇది ఆయ్ హోటలే. ముమ్మిడివరం నుంచి వచ్చేవాళ్ళకి కూడా ఇదే గుర్తు. ఇప్పుడు చూడండి, కువైట్లో ఉన్న మా మరిది ఈ ఫ్లెక్సీ డిజైను చేయించి పంపేడు. తప్పుమాట తీయించేశాను వదినా అన్నాడు గొప్పగా. మూడు రోజుల్నించి పాతవాళ్ళు ముందు నుంచే వెళ్ళిపోతున్నారండి. నిన్న ఒకాయన ఇక్కడే నిలబడి నాకే ఫోను చేసేరు, హోటలు ఎత్తేసేరా అమ్మా అని. నా బతుకుతెరువంతా ఆ రెండక్షరాల మీదుందండి.”

“ఇంకో పెయింటరు చేత రాయించుకోవచ్చు కదమ్మా.”

“ఒకాయన్ని అడిగేనండి. ఆయ్ అని రాయడం తప్పు, నా పేరు పోతుంది అన్నాడు. ఇంకొకాయన కంప్యూటర్లో కొట్టి తెచ్చేడు. మొహం వేరేగా ఉంది. మీరు పేపరాయనంట కదా, ఆయన్ని కాస్త కనుక్కోండి బాబాయి గారూ. పాత పేపరు ముక్క కూడా ఉంది, ఇదిగో.”

గల్లాపెట్టె పైన అద్దాల ఫ్రేములో, టీ రంగుకి తిరిగిన చిన్న పెట్టె వార్త. గోడ ఫోటో, కింద నాలుగు వరసలు. శీర్షిక: ‘మర్యాద ముదిరితే’. మావగారు దానికి ఏటా సంక్రాంతికీ దసరాకీ పూలదండ వేసేవారట.

ఆ శీర్షిక నాది.

డెస్కులో పేజీ నిండనప్పుడు అలాంటి పెట్టెలు వారానికి నాలుగైదు రాసేవాణ్ణి. ఎవరో విలేకరి ఫోటో పంపుతాడు, ఐదు నిమిషాల్లో నాలుగు వరసల హాస్యం అల్లి పడేసి, టీకి లేచిపోతాం. నాకు ఆ ఫోటో గుర్తు లేదు, ఆ రోజు గుర్తు లేదు. ‘చదువురాని కుంచెకి సంబరమెక్కువ’ అన్న ఆఖరి వాక్యం మాత్రం ఎవరిదో చదవగానే తెలిసిపోయింది. ఆవిడ నా ముందు పెట్టిన అట్టు చల్లారిపోయింది. అది నేనేనని ఆవిడకి చెప్పలేదు. కనుక్కుంటానమ్మా అని మాత్రం అన్నాను.

ఊళ్ళో పాత రంగుల షాపులో అడిగితే, షాపాయన నవ్వేడు. “ఆయ్ పెయింటరా అండీ? ఎప్పుడో వెళ్ళిపోయేడు. ఎక్కడికెళ్ళినా జనం ఆయ్, ఆయ్ అని ఆట పట్టించేవారు. కుర్చీ వేస్తే ఆయ్, మంచినీళ్ళిస్తే ఆయ్. మనిషి సున్నితం. రాజోలు వైపని చెప్పుకోగా విన్నాను.”

మర్నాడు రాజోలు బస్సెక్కాను. ఏ ఊళ్ళో దిగాలో తెలియకుండా బస్సెక్కడం, ఈ వయసులో, అదీ కిటికీ పక్క సీటు కోసం ఒకాయనతో తగువు పడి మరీ. తాటిపాక ఇంకా రాలేదు. రోడ్డు పక్కన కొబ్బరితోట అంచున గ్యాసు పైపు పోతున్నచోట పసుపు రంగు హెచ్చరిక బోర్డు కనబడింది: ‘ఇక్కడ తవ్వరాదు’. క మీద, డ మీద, త మీద వరసగా చిలక ముక్కులు! తవ్వితే ప్రాణాలు పోతాయని చెప్పే బోర్డు అది. అంత ముద్దుగా చెబుతోంది. “ఆపండాపండి,” అని కేకేశాను. కండక్టరు కంగారుపడ్డాడు. “కడుపులో తిప్పుతోందా అండీ?”

అక్కడే దిగి, తాటిపాక సెంటరు దాకా నడిచి రెండు చోట్ల అడిగితే ఇల్లు చూపించేరు. వాకిట్లో ఆయన స్టూలు మీద కూర్చుని ఒక రేకు మీద ‘ప్రమాదం’ రాస్తున్నాడు. డెబ్భై దాటిన మనిషి, బక్కపలచగా, చెవి మీద చిన్న కుంచె. నేను ముందు ఆ తలకట్టు గురించే అడిగాను. నెల్లాళ్ళుగా దాచుకున్న ప్రశ్న. ఇక్కడి చిలకల్ని చూసి పెట్టేరా, ఎవరైనా గురువు నేర్పేరా అని.

“చిలకేంటండీ?” అన్నాడు ఆశ్చర్యంగా. “తలకట్టు దగ్గరికొచ్చేసరికి కుంచెలో రంగు కొసకి దిగుతుందండి. పైకి విదిలిస్తే చుక్క కారతాది. కిందికి వంచితే ఆ చుక్క అందులోనే ఇమిడిపోతుంది. అంతేనండి, ఆయ్.”

కడప మనిషి నోట ఆ చివరి మాట అంత సహజంగా వచ్చేసరికి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేనెందుకొచ్చానో ఆయనకి అక్కడే అర్థమైంది.

“ఆ హోటలు వాళ్ళు పంపేరా?”

చెప్పాను. గోడ పోయిందనీ, ఆవిడకి ఆ చేతే కావాలనీ.

“కాఫీ రాస్తాను, ఉపాహారశాల రాస్తాను. మర్యాద కూడా రాస్తానండి. ఆ రెండక్షరాలూ రాయను.” కుంచె కిరసనాయిల్లో ముంచి కడగడం మొదలెట్టాడు. “అప్పుడు నాకేం తెలుసండి? వచ్చి మూడు వారాలు. ఈ ఊళ్ళో ప్రతి మాట చివరా ఉంది కదా, బోర్డు చివర కూడా ఉండాలి కాబోలు అనుకున్నాను. అంతకు ముందు నేను రాసినవి అరవై డెబ్భై బోర్డులు. ఒక్కదాన్లో తప్పు చూపించమనండి. ఆ ఒక్కటే పేపర్లో వేసేరు. చదువురాని కుంచె అన్నారు. ఎనిమిదో తరగతి తెలుగులో నేనే ఫస్టండి.”

“అది రాసింది నేనే,” అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. కోపమొస్తుందనుకున్నాను. నన్ను పైనుంచి కిందికి చూసేడు, గోడ కొలత చూసినట్టు.

“దాని కింద పేరు లేదు కదండీ.”

“చిన్నవాటికి పేర్లు వెయ్యరండి.”

“నా బోర్డు కిందా నా పేరు లేదు. అయినా అందరికీ తెలిసిపోయింది.”

డెస్కులో ఉండగా పెద్దమనుషుల పేర్లలో అక్షరం తేడా వస్తే మర్నాడే సవరణ వేసేవాళ్ళం, మొదటి పేజీలో కూడా. ఈయనకి వెయ్యాల్సిన సవరణ ఏ పేజీలోనూ పడలేదు. ఆ మాటే చెప్పాను. ఫ్రేము కట్టించి దండ వేసిన సంగతీ, నాలుగైదు రోజుల్నించి పాతవాళ్ళు దారి తప్పుతున్న సంగతీ చెప్పాను. ఆ అక్షరాలున్న పెళ్ళని ఆవిడ పారేయకుండా దాచుకుందనీ చెప్పాను.

“దండ వేసేవారా?” అన్నాడు. ఈ సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. ఆ వీధిలో మళ్ళీ అడుగు పెడితే కదా.

కుంచె తుడిచి చెవి మీద పెట్టుకున్నాడు. “ఒక షరతు మీద వస్తానండి. నోటిమాట మీద రాయను. ఒకసారి రాసి అనుభవించేను. ఏం రాయాలో మీరు కాగితం మీద రాసివ్వండి. మీ దస్తూరీతో. కింద సంతకం పెట్టాలి, పేరుతో.”

“తప్పకుండానండి.”

“చిన్నదైనా సరే,” అన్నాడు.

అన్నట్టుగానే ఆదివారం వచ్చేడు. కొత్త గోడకి తెల్లరంగు ఆరింది. హోటలావిడ ఫ్లెక్సీ విప్పించి, మడతపెట్టి, కట్టెల మీద కప్పేసింది. సంగతి తెలిసి పాత గిరాకీ పదిహేనుమంది దాకా పోగయ్యేరు. మా ఆవిడ కూడా వచ్చింది, చిలకలు పెట్టే మనిషిని చూడాలని. నేను రాత్రే కాగితం తయారుచేశాను. తెల్ల కాగితం, నల్ల ఇంకు, మార్జిన్లతో సహా. మూడు వరసలు. కింద పేరు, సంతకం. జీవితంలో ఏ ప్రూఫూ అంత శ్రద్ధగా చూడలేదు.

ఆయన దారానికి నీలిమందు పూసి గోడ మీద గీతలు కొట్టాడు. ఒక్క గీత కూడా వంకరపోలేదు. నిచ్చెన రెండు మెట్లెక్కి, కాగితం చెయ్యిచాపు దూరంలో పట్టుకుని చదువుకున్నాడు. ఒకసారి చదివేడు. మళ్ళీ చదివేడు. కిందికి దిగేడు.

“సార్, ఇదేంటండీ?”

“ఏమైంది?”

“ఉపాహరశాల అని రాసేరు. హ కి దీర్ఘమేదండి? తలకట్టు పెట్టి వదిలేసేరు.”

లాక్కుని చూశాను. నిజమే. నెల్లాళ్ళుగా తలకట్లు ఏరి ఏరి, దీర్ఘం పెట్టాల్సిన చోట కూడా తలకట్టే పెట్టాను. అదీ వంకర ముక్కుతో.

ముందు మా ఆవిడ నవ్వింది. తర్వాత వీధంతా నవ్వింది. ఒక ముసలాయన బల్ల మీద కొట్టుకుంటూ నవ్వుతుంటే కాఫీ ఒలికింది. హోటలావిడ కొంగు అడ్డం పెట్టుకుని, “పోన్లెండి బాబాయి గారూ, పెద్దవారు,” అంది. అది ఇంకా ఘోరంగా ఉంది.

పెయింటరు ఒక్కడే నవ్వలేదు. కాగితం మళ్ళీ తీసుకుని, చెవి మీది కుంచె తీసి, నా తలకట్టు కొట్టేసి ఎర్రరంగుతో దీర్ఘం దిద్దేడు. డెస్కులో నేను దిద్దినట్టే, పక్కన మార్జిన్లో చిన్న టిక్కు కూడా పెట్టాడు. అప్పుడు నా వైపు చూసి, “పేపర్లో వేయించమంటారా?” అన్నాడు.

“వేయించండి,” అన్నాను. “పేరుతో సహా.”

అప్పుడు నవ్వేడు. ముందు పళ్ళు రెండు లేవు. బాగా నవ్వేడు. నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసి, చొక్కాకి ఎర్ర మరక అంటించి, నిచ్చెన ఎక్కేడు.

రెండు గంటలు పట్టింది. ఉపాహారశాలలో దీర్ఘాలన్నీ సరిగ్గా కూర్చున్నాయి. ర మీద, మర్యాదలో మ మీద, ద మీద ముక్కులు వాలాయి. చివరి రెండక్షరాల దగ్గర ఆగి, కింద గోడకి ఆనించిన పాత పెళ్ళ వైపు చూసేడు. అప్పుడే నేనూ ఒక సంగతి గమనించాను. ‘ఆయ్’ అన్నదాంట్లో తలకట్టు పెట్టే చోటే లేదు. ఆ బోర్డు మీద ఆయన గుర్తు లేని వరస అదొక్కటే. ఆయనకీ తట్టినట్టుంది. ‘ఆ’ రాసి, ‘య’ రాసి, దాని నెత్తిన పొల్లు మామూలుగా పైకి లాగి, చివర్న ఒక్క క్షణం ఆగి, మెత్తగా కిందికి వంచేడు.

కింద ఎవరో చప్పట్లు కొట్టేరు. ఆయన వెనక్కి వాలి, రాసినదంతా మొదటి నుంచి చదువుకుని, కిందికి చూసి అడిగేడు.

“ఇంకేమైనా ఉందా? అంతేనాండీ?”

హోటలావిడ నోరు తెరిచింది. తెరిచి, గబుక్కున అరచేత్తో మూసుకుంది. పదిహేనుమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కోనసీమలో పుట్టినవాళ్ళకి ఆ ప్రశ్నకి ఒకటే జవాబు వచ్చు. నిచ్చెన మీద ఆయన చేతిలో కుంచె ఇంకా తడిగానే ఉంది.

ఒక్కరూ అనలేదు. అందరూ గట్టిగా, ఆపకుండా, తలలు మాత్రం ఊపేరు.